బురదలో సైక్లోక్రాస్: మన ఎర్రమట్టికి టైరు, గాలి, పరుగు ఎలా కుదుర్చుకోవాలి?

మధురవాడ_పెడల్:

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం పొద్దున విశాఖ దగ్గర ఆనందపురం అవతల ఒక జీడితోటలో చిన్న సైక్లోక్రాస్ రేసు ఉంది (మట్టి, గడ్డి, అడ్డంకుల మీదుగా తొక్కుతూ, తొక్కలేనిచోట సైకిల్ మోస్తూ పరుగెత్తే రేసు). ల్యాప్ 2.4 కిలోమీటర్లు, రేసు 40 నిమిషాలు. తోట లోపల సుమారు 300 మీటర్లు చదును మట్టి, ఒక చెరువు గట్టు ఎక్కి దిగడం, గట్టు పక్కనే ఏటవాలు గడ్డి, రెండు చెక్క అడ్డంకులు. వారమంతా వానలంటున్నారు. ఎర్రమట్టి తడిస్తే ఎలా అంటుకుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

నా దగ్గరున్నది అల్యూమినియం గ్రావెల్ సైకిల్ (కంకర దారులకు చేసినది). ముందు 40 పళ్ళ చైన్‌రింగ్ ఒక్కటే, వెనక 11-42 క్యాసెట్, మెకానికల్ డిస్క్ బ్రేకులు, చిన్న బటన్లున్న 40 మి.మీ. ట్యూబ్‌లెస్ టైర్లు. నా బరువు 68 కిలోలు. రెండో సైకిల్ లేదు.

వెడల్పు టైరైతే దిగబడదని కొందరు, సన్నదైతేనే మట్టి పట్టదని కొందరు చెబుతున్నారు. ఏది నమ్మాలి? గాలి ఎంత ఉంచాలి? చక్రం మట్టితో బిగుసుకుపోతే రేసు మధ్యలో ఏం చెయ్యాలి? ఎక్కడ తొక్కాలో ఎక్కడ దిగి పరుగెత్తాలో ముందే ఎలా తేల్చుకోవాలి? బయటి దేశాల వీడియోలు చాలా చూశాను గానీ వాటిలో బురద మన బురదలా ప్రవర్తించడం లేదు.


ఎర్రమట్టి_33:

మీ ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలకు దారి అక్కడే ఉంది. బెల్జియం, నెదర్లాండ్స్‌లో ఈ రేసులు శరదృతువులో మొదలై చలికాలమంతా సాగుతాయి. ఎండ తక్కువ, నేల ఆరదు. పొద్దున పల్చగా ఉన్న బురద మధ్యాహ్నానికీ దాదాపు అలాగే ఉంటుంది. మన దగ్గర వాన ఆగి ఎండ కాసిందంటే గంటలో మట్టి స్వభావమే మారిపోతుంది. మొదటి ల్యాపులో పనికొచ్చిన సెటప్ ఆఖరి ల్యాపులో పనికిరాకపోవచ్చు. అందుకని ముందు మట్టిని చదవండి, టైరు సంగతి తర్వాత.

వాన పడుతుండగా ఎర్రమట్టి దోసెల పిండిలా ఉంటుంది. జారుతుంది గానీ పట్టదు, చక్రం తిరిగే వేగానికి విదిలించుకుపోతుంది. వాన ఆగి కాస్త ఆరేసరికి గారెల పిండి అవుతుంది. నీరు తగ్గి బంకదనం పైకొస్తుంది. టైరుకి అంటిన మట్టి మీద ఇంకో పొర, దాని మీద జీడాకులు, గడ్డిపరకలు, మళ్ళీ మట్టి. చక్రం ఆపేది ఈ దశే. ఇంకా ఆరితే పైన పొర కడుతుంది. ముందు వెళ్ళినవాళ్ళకి ఆ పొర గట్టిగానే ఆగుతుంది, అది తెగాక వెనకొచ్చేవాళ్ళకి కింద గారెల పిండే మిగులుతుంది.

ఏ దశో చేత్తోనే తేల్చవచ్చు. చిటికెడు మట్టి తీసి అరచేతుల మధ్య దీపం వత్తిలా నులమండి. 3 మి.మీ. సన్నదనం దాకా తెగకుండా సాగి, అరచేతికి కూడా అంటుకుంటే అది చక్రాన్ని పట్టే మట్టి. వత్తి నిలవకుండా వేళ్ళ సందుల్లోంచి కారిపోతే పల్చటి బురద. నులమగానే విరిగి రాలిపోతే ఇసుక పాలు ఎక్కువ, దానికి భయపడక్కర్లేదు. ఒక్కచోట చేసి ఊరుకోకండి. చెట్ల నీడలో, ఎండ పడేచోట, గట్టు కింద నీరు దిగేచోట విడివిడిగా చూడండి. ఒకే కోర్సులో మూడు దశలూ కనబడటం మామూలే.

ఇక టైరు. వెడల్పు టైరు దిగబడదన్నది ఇసుకలో నిజం. తడిసిన తోటమట్టిలో మాత్రం పై పొర మెత్తగా, కింద నేల గట్టిగా ఉంటుంది. సన్న టైరు మెత్తటి పొరను కోసుకుని గట్టినేలను అందుకుంటుంది, వెడల్పుది పైనే తేలుతూ జారుతుంది. అంతర్జాతీయ రేసుల్లో యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సంఘం) అనుమతించే గరిష్ఠ వెడల్పు 33 మి.మీ. క్లబ్బు రేసుల్లో ఆ నియమం ఉండొచ్చు, లేకపోవచ్చు, నిర్వాహకుల్ని ఒక మాట అడగండి.

అయితే మీ విషయంలో పట్టు కంటే ఖాళీ ముఖ్యం. వెనక చక్రానికి అటూఇటూ ఉండే చెయిన్‌స్టేల (కింది గొట్టాలు) మధ్య, సీట్‌స్టేల (పై గొట్టాలు) మధ్య, ఫోర్క్ కాళ్ళ మధ్య వెర్నియర్‌తో కొలవండి. చెయిన్‌స్టేల మధ్య 51 మి.మీ. ఉందనుకుందాం. 40 టైరుకి ఒక్కోవైపు మిగిలేది 5.5 మి.మీ. మాత్రమే. అదే 35 టైరుకైతే 8 మి.మీ. ఆ రెండున్నర మిల్లీమీటర్లలోనే మట్టి గడ్డ బయటకు రాలుతుందా, ఇరుక్కుని ఫ్రేమును గీస్తుందా అన్నది తేలిపోతుంది. టైరు మీద అచ్చువేసిన సంఖ్యను నమ్మకండి. వెడల్పు రిమ్ము మీద 35 టైరు 37 దాకా కూడా ఉబ్బుతుంది. గాలి కొట్టాక కొలవండి. ఫోర్క్ పైభాగాన, పెడల్ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ వెనక ఉన్న ఖాళీని చాలామంది చూడరు, మట్టి మొదట నిలిచేది అక్కడే.

బటన్లు పొడవుగా, ఎడంగా ఉండాలి. డూగాస్ట్ రైనో, చాలెంజ్ లైమస్ లాంటి బురద టైర్ల బొమ్మలు చూస్తే అర్థమవుతుంది, బటనుకీ బటనుకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. చిన్న బటన్లు దగ్గరదగ్గరగా ఉన్న టైరు బంకమట్టిలో పది మీటర్లకే నున్నగా తయారవుతుంది. ఆదివారంలోపు ఒక్క బురద టైరే దొరికితే ముందు చక్రానికి వెయ్యండి. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే పడటమే.

గాలి: 68 కిలోలకి 35 ట్యూబ్‌లెస్ అయితే ముందు 22, వెనక 24 పీఎస్ఐతో మొదలుపెట్టండి. 40 మి.మీ. టైరే ఉంచితే 20, 22. ట్యూబులు వేసి నడిపితే 28, 30 కంటే దిగొద్దు. రాయి తగిలితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. మామూలు ఫ్లోర్ పంపు మీది ముల్లు 30 పీఎస్ఐ కింద నమ్మదగ్గది కాదు, చిన్న డిజిటల్ గేజ్ విడిగా కొనుక్కోండి. కోర్సు మీద ఒక ల్యాపు తొక్కి, రిమ్ము నేలకు ఒక్కసారీ తగలకపోతే 1 పీఎస్ఐ తగ్గించండి. ల్యాపులో రెండుసార్లకు మించి తగిలితే 1 పెంచండి. మలుపులో టైరు పక్కకు ఒరిగి బుస్సుమని గాలి వదిలితే అది హద్దు దాటినట్టు, వెంటనే 2 పెంచాలి. సీలెంటు (ట్యూబ్‌లెస్ టైరులో చిల్లులు మూసే ద్రవం) ఒక్కో టైరుకి 60 మి.లీ. మన వేడికి త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఎప్పుడో పోసింది ఉందిలే అనుకోకుండా విప్పి చూడండి.


కొండవాలు:

పైన చెప్పిన గాలి లెక్కతో ఒక్కచోట విభేదిస్తాను. మన తూర్పు కనుమల అంచు తోటల్లో ఎర్రమట్టిలో కొండరాళ్ళ ముక్కలు కలిసి ఉంటాయి. పొడినేల మీద కనబడేవి బురదలో కనబడవు. బెల్జియం పచ్చికబయలుకి సరిపోయే గాలి ఇక్కడ అల్యూమినియం రిమ్ముకి సొట్ట పెడుతుంది. ముందు చక్రానికి 22 సరే, వెనక చక్రానికి 26 పెట్టండి. బరువు ఎక్కువ దాని మీదే ఉంటుంది, రాయిని ఎత్తి దాటించే వీలు కూడా తక్కువ. కోర్సు చూసేటప్పుడు గట్టు దిగే చోట చెప్పుకాలితో మట్టిని గీరండి. కింద రాయి తగిలితే ఆ గీతను వదిలి పక్క గీత ఎంచుకోండి.


డాబాగార్డెన్స్_మెకానిక్:

టైరు సంగతి తేలింది కాబట్టి నేను చైను సంగతి చెబుతాను. బురద రేసుల్లో సైకిల్ రేసు నుంచి తప్పుకునేది ఎక్కువగా వెనక డిరెయిలర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) వల్లే, అదీ విరిగిపోయి.

విరిగే తీరు తెలుసుకోండి, అప్పుడు ఆపడం తేలిక. గడ్డి, ఆకులు, బంకమట్టి కలిసి కింది జాకీ చక్రం (డిరెయిలర్‌లో చైనును నడిపించే చిన్న పళ్ళచక్రం) చుట్టూ తాడులా చుట్టుకుంటాయి. జాకీ చక్రం ఆగుతుంది, చైను మాత్రం ముందుకు లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడు డిరెయిలర్ కేజ్‌ను (జాకీ చక్రాలుండే చట్రం) వెనక్కీ పైకీ మడుస్తుంది. డిరెయిలర్‌ను ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగరు మెత్తటి అల్యూమినియం ముక్క, ఫ్రేము బదులు అదే విరగాలని అలా చేస్తారు. అది వంగగానే కేజ్ చువ్వల్లోకి పోతుంది, తర్వాత హ్యాంగరు, డిరెయిలర్, ఒక్కోసారి నాలుగైదు చువ్వలు కలిపి పోతాయి. ఇదంతా పెడల్ ఒక్క చుట్టు తిరిగేలోపు అయిపోతుంది.

ముందు హెచ్చరికలు ఉంటాయి. పెడల్ బరువెక్కుతుంది. చైను క్యాసెట్ మీద టక్కుటక్కుమని జారుతుంది. తొక్కడం ఆపితే చైను పైభాగం వేలాడుతుంది. ఈ మూడింట్లో ఏది కనబడినా బలం పెట్టి తొక్కొద్దు. దిగండి, కింది జాకీ చక్రం దగ్గర చుట్టుకున్న గడ్డిని వేలితో వెనక్కి లాగెయ్యండి, పెడల్ సగం చుట్టు వెనక్కి తిప్పి చూడండి. పది, పదిహేను సెకన్ల పని. గేర్లు మార్చడం బురదలోకి దిగకముందే చెయ్యండి. నడిమధ్యలో బలం మీద గేరు మారిస్తే మట్టి పట్టిన చైను పళ్ళ మీదికి ఎక్కకుండా ఇరుక్కుంటుంది. డిరెయిలర్‌కి క్లచ్ మీట (చైను ఊగకుండా బిగువుగా ఉంచేది) ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో బయలుదేరే ముందు చూసుకోండి, చక్రం తీసి పెట్టినప్పుడు ఆఫ్ చేసి మర్చిపోతారు.

మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగరు ఒకటి విడిగా కొని జేబులో ఉంచుకోండి. ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం, రేసు రోజున పక్కవాళ్ళ దగ్గర దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. యూడీహెచ్ (అందరికీ ఒకే కొలత హ్యాంగరు) రకం ఫ్రేము అయితే మాత్రం అన్నిటికీ ఒకటే సరిపోతుంది.

బ్రేకు ప్యాడ్లు: రెజిన్ ప్యాడ్లు పొడిలో బాగుంటాయి, ఇసుక కలిసిన బురదలో గీరుకాగితం మీద పెట్టినట్టు అరుగుతాయి. కొత్త జత ఒకే రేసులో అయిపోవచ్చు. సింటర్డ్ మెటల్ ప్యాడ్లు వేసుకోండి. రోటరు (బ్రేకు డిస్కు) మీద మెటల్ ప్యాడ్లకు పనికిరాదని రాసి ఉంటే రోటరు కూడా మార్చాలి. షిమానో చెప్పే అరుగుదల హద్దు 0.5 మి.మీ. బురద రేసుకి నా హద్దు 1.5, అంతకంటే పల్చనైతే ముందే మార్చేస్తాను. కొత్త ప్యాడ్లు వేశాక వాలు రోడ్డు మీద 25 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి పదిహేను, ఇరవైసార్లు మెల్లగా తగ్గించి కుదురు చేయాలి. మెకానికల్ బ్రేకులో ప్యాడ్లు అరిగేకొద్దీ లివరు లోపలికి పోతుంది. కేబుల్ బ్యారెల్ అడ్జస్టరు గ్లవ్స్ వేసుకున్న చేత్తో తిరుగుతుందో లేదో ముందే చూడండి, రేసు మధ్యలో రెండు క్లిక్కులు బిగించాల్సి రావచ్చు.

వంటనూనె రాస్తే మట్టి అంటదని మీకు ఎవరైనా చెబుతారు. అది నిజమే, కాకపోతే ఎక్కడ రాస్తున్నామన్నది చాలా ముఖ్యం. డౌన్‌ట్యూబ్ (ఫ్రేములో కిందివైపు ఏటవాలు గొట్టం) అడుగు, ఫోర్క్ పైభాగం లోపల, బాటమ్ బ్రాకెట్ వెనక, చెయిన్‌స్టేల లోపలివైపు, పెడల్ స్ప్రింగులు, అంతే. నేరుగా స్ప్రే కొట్టొద్దు. రెండు చక్రాలూ విప్పేసి, కాలిపర్లకి ప్లాస్టిక్ సంచి కట్టి, గుడ్డకి సిలికాన్ స్ప్రే పట్టించి తుడవండి. రోటరు మీద ఒక్క చుక్క పడినా ప్యాడ్లు నూనె పీల్చుకుంటాయి, ఆ ప్యాడ్లు ఇక పారెయ్యాల్సిందే. పైగా ఈ పూత మొదటి రెండు మూడు ల్యాపులకే, తర్వాత కొట్టుకుపోతుంది.


మధురవాడ_పెడల్:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. కొలిచాను: చెయిన్‌స్టేల మధ్య 50, ఫోర్క్ కాళ్ళ మధ్య 54. 35 మి.మీ. బురద టైరు ఒకటే దొరికింది, ముందుకి వేస్తున్నాను. వెనకకి పాత 35 సెమీ-స్లిక్ ఉంది, మధ్యలో నున్నగా, అంచుల్లో బటన్లు. 40 ఉంచనా, అది వెయ్యనా?

ఇంకొకటి, పరుగు. భుజాన వేసుకోవడం, దిగడం, మళ్ళీ ఎక్కడం వరసగా చెబుతారా? నావి రెండువైపులా పట్టే ఎస్పీడీ పెడల్స్ (షూ అడుగున ఉన్న క్లీటు అనే లోహపు ముక్కను పట్టుకునేవి).


ఎర్రమట్టి_33:

గారెల పిండి మట్టి అయితే సెమీ-స్లిక్ వెయ్యండి. పట్టు తగ్గుతుంది గానీ చక్రం తిరుగుతుంది, తిరగని చక్రానికి పట్టు ఉండి లాభం లేదు. చదును ముక్కలో కూర్చునే తొక్కండి, బరువు వెనక చక్రం మీద ఉండాలి. వాన పడుతూనే ఉంటే 40 ఉంచండి, పల్చటి బురద ఇరుకు సందులో కూడా నిలవదు. నిర్ణయం ఆదివారం పొద్దున వత్తి పరీక్ష చేశాకే. రెండు టైర్లూ తీసుకెళ్ళండి, సీలెంటుతో తంటా పడకుండా సెమీ-స్లిక్‌ను ట్యూబు వేసి సిద్ధంగా పెట్టుకోండి. ట్యూబు వేస్తే గాలి 30 అని మర్చిపోకండి.


గట్టు_పరుగు:

పరుగు గురించి అడిగినందుకు సంతోషం. ఈ ఆటలో మనవాళ్ళు సాధన చెయ్యనిది అదే.

ముందు ఎక్కడ మొయ్యాలో తేల్చుకోండి. శనివారం కోర్సు చూసేటప్పుడు బురద ముక్క మొదట్లో ఒక కర్ర, అది దాటి గట్టినేల మీద మళ్ళీ పెడల్ తిరిగే చోట ఒక కర్ర పాతి, తొక్కుతూ రెండుసార్లు, మోస్తూ రెండుసార్లు టైము పట్టండి. దిగడానికీ ఎక్కడానికీ పట్టే సెకన్లు కూడా అందులోనే రావాలి. రెండూ సమానంగా వస్తే పల్చటి బురదలో తొక్కండి, బంకమట్టిలో మొయ్యండి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్న సామెత ఇక్కడ చక్రానికి అక్షరాలా వర్తిస్తుంది. ఆ ముక్కలో నేల తాకని చక్రం తర్వాతి అర ల్యాపు శుభ్రంగా తిరుగుతుంది. అందుకే బంకమట్టిలో నెట్టుకుంటూ వెళ్ళడం అన్నిటికంటే చెడ్డది. పరుగు శ్రమ పడతారు, చక్రానికి మట్టీ పడుతుంది. ఆరేడు అడుగులు మించితే ఎత్తెయ్యండి.

దిగడం: బురద మొదలవడానికి ఐదారు మీటర్ల ముందే మొదలుకావాలి. గేరు రెండు పళ్ళు తేలిక చేసుకోండి, ఎందుకంటే తిరిగి ఎక్కినప్పుడు ఆ గేరుతోనే మొదలెట్టాలి. బ్రేకు ఇక్కడే పూర్తిచెయ్యండి. కుడికాలు క్లీటు విడిపించి సీటు మీదుగా వెనకనుంచి ఎడమవైపుకి తీసుకురండి. కుడిచెయ్యి టాప్‌ట్యూబ్ (ఫ్రేము పై గొట్టం) మీద, బరువు దాని మీద. ఎడమ క్లీటు కాలు దించే క్షణం కంటే కాస్త ముందే వదిలించండి. మట్టి పట్టిన క్లీటు ఒక్కోసారి ఆలస్యంగా వదులుతుంది, అప్పుడు ఒంటికాలితో బోర్లా పడతారు.

ఎత్తడం: రెండు బాటిల్ కేజ్‌లూ ముందురోజే విప్పేయండి, భుజానికి అడ్డొస్తాయి. కాస్త వంగి, డౌన్‌ట్యూబ్ మధ్యన కుడిచేత్తో పట్టుకుని లేపి, టాప్‌ట్యూబ్ సీటుకి దగ్గరగా ఉన్న భాగాన్ని భుజం మీద ఆనించండి. తర్వాత కుడిచెయ్యి డౌన్‌ట్యూబ్ కిందనుంచి ముందుకు పోనిచ్చి హ్యాండిల్ ఎడమ డ్రాప్‌ను (కిందికి వంగిన కొస) పట్టుకోవాలి. అప్పుడు ముందు చక్రం ఊగి మొహానికి తగలదు, ఎడమచెయ్యి ఊపడానికి ఖాళీగా ఉంటుంది. మెడ మీద కాదు, భుజం ఎముకకీ మెడకీ మధ్య కండ మీద ఆనాలి. సైకిల్ ముక్కు కొంచెం పైకి ఉండాలి, గట్టు ఎక్కేటప్పుడు నేలకు తగలకుండా.

గట్టు మీదికి చిన్న చిన్న అడుగులు, మునికాళ్ళ మీద. పెద్ద అంగలు వేస్తే వెనక కాలు జారుతుంది. ముందు వెళ్ళినవాళ్ళ అడుగుల గుంటలు మెట్లలా పడి ఉంటాయి, వాటిలోనే అడుగు వెయ్యండి. షూ ముందుభాగాన స్టడ్లు బిగించే రెండు రంధ్రాలుంటే 12 మి.మీ. పొడవువి వేసుకోండి, గట్టుకి అవే చాలా సాయం. గట్టు కొసన నాలుగడుగులు గట్టినేల మీద పరుగెత్తాకే ఎక్కండి. వాలు మీదే ఎక్కాలని చూస్తే వెనక చక్రం గిర్రున తిరిగి అక్కడే ఆగిపోతారు.

ఎక్కడం: సైకిల్‌ని మెల్లగా దించండి, ఎత్తునుంచి వదిలితే చైను ఊడుతుంది. రెండు చేతులూ హ్యాండిల్ మీద, ఎడమకాలితో నేలను తన్ని, కుడి తొడ లోపలివైపు సీటు మీద దిగేలా పక్కకి జారండి. పైకి ఎగరడం కాదు, ముందుకి జారడం. ఇంటి దగ్గర గడ్డి మీద నడక వేగంతో రోజుకి ముప్పైసార్లు చేస్తే నాలుగు రోజుల్లో భయం పోతుంది. కుడి పెడల్ అందగానే క్లీటు పట్టిందో లేదో చూడకుండా రెండు చుట్లు తొక్కి వేగం అందుకోండి, తర్వాత క్లీటు. పట్టకపోతే షూ అడుగును పెడల్ అంచుకి ఒకసారి కొట్టి మట్టి రాల్చండి. ఎస్పీడీ బిగువు స్క్రూను మామూలు కంటే రెండు క్లిక్కులు వదులు చెయ్యండి. ఎగ్‌బీటర్ రకం పెడల్స్‌లో (సన్నటి తీగల చట్రంలా ఉండేవి) మట్టి నిలవదు, కానీ ఈ ఆదివారానికి కొత్త పెడల్స్ మార్చే పని పెట్టుకోకండి, కాలికి అలవాటు ఉండదు.

చెక్క అడ్డంకుల విషయం తేలికే. యూసీఐ కొలత ప్రకారం ఎత్తు 40 సెం.మీ., రెండింటి మధ్య 4 మీటర్లు. బురదలో కాళ్ళు బరువెక్కి రెండోదానికే తగిలి పడతారు, కాబట్టి సైకిల్‌ని టాప్‌ట్యూబ్ పట్టుకుని మోకాలి పైకి ఎత్తండి, మోకాళ్ళూ అంతే ఎత్తాలి.

గట్టు పక్క ఏటవాలు గడ్డి మాత్రం మీ రేసును తేల్చే చోటు. అందరూ మధ్యలో ఒకే గీతలో వెళ్తే అక్కడ గడ్డి చచ్చి మట్టి మిగులుతుంది, ఆ గీత ప్రతి ల్యాపుకీ కిందికి జారుతుంది. కోర్సు హద్దుగా కట్టిన టేపుకి ఆనుకుని పైఅంచున తొక్కని గడ్డి ఉంటుంది, దాని వేర్లు మట్టిని పట్టుకుని ఉంటాయి. వాలులోకి వీలైనంత పైనుంచి ప్రవేశించండి, ఎందుకంటే జారడం ఎలాగూ కిందికే. ముందు చక్రపు బ్రేకు ముట్టుకోవద్దు. తొక్కగలిగినంతసేపు సమంగా తొక్కండి. తొక్కలేకపోతే వాలు పైవైపు పెడల్ పైన ఉంచి, బరువంతా కిందివైపు పెడల్ మీద వేసి నిలబడండి. పైవైపు కాలు క్లీటు నుంచి తీసి సిద్ధంగా పెట్టుకోండి, జారితే ఆ కాలే ఆసరా. చూపు ముందు చక్రం మీద కాదు, పది మీటర్ల అవతల గీత చివర మీద.


పెదవాల్తేరు_స్పోక్:

ఎవరూ వేడి సంగతి చెప్పలేదు. ఈ ఆట బట్టలూ అలవాట్లూ చలిదేశాలవి. ఇక్కడ అక్టోబరులో వాన పడ్డా 28, 30 డిగ్రీలు, గాలిలో తేమ. 40 నిమిషాలు పూర్తి బలంతో అంటే ఒళ్ళు తడిసి ముద్దవుతుంది, ఆ చెమట ఆరదు. మొదలవడానికి రెండు గంటల ముందు అరలీటరు ఓఆర్ఎస్, పావుగంట ముందు ఒక గ్లాసు. సైకిల్ మీద బాటిల్ వద్దు, మూతి నిండా బురద పడుతుంది. ఎవరైనా తోట మధ్యలో నిలబడి మూత ఉన్న చిన్న సీసా అందించవచ్చా అని నిర్వాహకుల్ని అడగండి.

రంగులేని కళ్ళద్దాలు పెట్టుకోండి. రెండు ల్యాపులకి ఆవిరీ బురదా పట్టి కనబడవు, అప్పుడు తీసేయడానికి వెనుకాడొద్దు. మొదటి ల్యాపులో గుంపులో ఉన్నప్పుడే కళ్ళలోకి ఎక్కువ మట్టి కొడుతుంది.

చివరగా, తోటల్లో, చెరువు గట్ల మీద పశువులు తిరుగుతాయి, ఎలుకలుంటాయి. తడినేలలో వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకుతుంది, గీరుకున్న చర్మంలోంచి, కళ్ళలోంచి, నోట్లోంచి. ముందే ఉన్న గాయాలకు నీరు చొరని ప్లాస్టర్ వెయ్యండి. అవగానే సబ్బుతో కడగండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో చూసుకోండి. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే డాక్టరుకి బురదలో రేసు చేశానని మీరే చెప్పండి, చెప్పకపోతే ఆ పరీక్ష రాయరు.


భీమిలి_గాలి:

సాధన కోసం భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం దయచేసి వెళ్ళకండి. మట్టి అదే కదా అని అనిపిస్తుంది. అది భూవారసత్వ స్థలం, ఒక్క చక్రపు జాడలో వాన నీరు పారితే అది వాగులా కోసేస్తుంది, పోయిన మట్టి తిరిగి రాదు. కంబాలకొండ అభయారణ్యం దారులూ అంతే, అటవీశాఖ అనుమతి లేకుండా చక్రం పెట్టకూడదు. భుజాన మోసే సాధనకి బీచ్‌లో పొడి ఇసుక చాలు, మెత్తటి నేలలో పరుగు ఎలా ఉంటుందో కాళ్ళకి తెలుస్తుంది. అలలు తాకే తడి ఇసుక జోలికి పోకండి, ఉప్పునీరు బేరింగుల్లోకి పోతే బురద కంటే హెచ్చు నష్టం.


డాబాగార్డెన్స్_మెకానిక్:

రెండో సైకిల్ లేదన్నారు కాబట్టి ఆగి కడుక్కునే చోటు ముందే ఏర్పాటు చేసుకోండి. పెద్ద రేసుల్లో ల్యాపుకి రెండుసార్లు పిట్ (సైకిల్ మార్చుకునే చోటు) తగులుతుంది, ఒక సైకిల్ ఇచ్చి ఒకటి తీసుకుంటారు, అక్కడ ప్రెషర్ వాషర్లుంటాయి. మీకు 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు, పొలంలో మందు కొట్టే వీపు స్ప్రేయరు ఒకటి చాలు. స్ప్రేయరు కొత్తది అయ్యుండాలి, మందు కొట్టినది ఎంత కడిగినా వద్దు. ఒక మనిషిని నిలబెట్టండి. మీరు వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పుతుంటే అతను కింది జాకీ చక్రం, పై జాకీ చక్రం, క్యాసెట్, చెయిన్‌స్టే సందు, ఫోర్క్ పైభాగం, పెడల్స్, ఆ వరసలో కొట్టాలి. ఫ్రేము మెరవక్కర్లేదు. ఇరవై సెకన్లు మించితే మానేసి బయలుదేరండి. నీరు కొట్టకుండా రాలగొట్టడానికి వెదురు బద్ద మంచిది, ఇనుపది ఫ్రేమును గీస్తుంది. బద్దను జెర్సీ వెనక జేబులో పెట్టుకుంటే కోర్సు మధ్యలోనూ పనికొస్తుంది.

రేసయ్యాక మట్టి ఎండనివ్వకండి, ఎండిన ఎర్రమట్టి ఇటుకే. ముందు ధారగా నీళ్ళు పోసి నాననివ్వండి, తర్వాత కొబ్బరి పీచుతో రుద్దండి. బైకుల సర్వీసింగ్ చోట ప్రెషర్ గన్ను పట్టిస్తే హబ్బులు, బాటమ్ బ్రాకెట్, హెడ్‌సెట్ వైపు నేరుగా కొట్టనివ్వొద్దు, సీళ్ళు దాటి నీరు లోపలికి పోతుంది. సీట్‌పోస్ట్ తీసి, సైకిల్‌ని తలకిందులుగా పావుగంట ఉంచితే ఫ్రేములో చేరిన నీరు కారిపోతుంది. సీట్‌పోస్ట్‌కి గ్రీజు రాసి తిరిగి పెట్టండి, మన సముద్రపు గాలికి అల్యూమినియంలో అల్యూమినియం పట్టేసి తర్వాత రాదు. చైను పొడిగుడ్డతో తుడిచి, ప్రతి లింకు రోలరు మీద ఒక్కో చుక్క వెట్ ల్యూబ్ వేసి, పదినిమిషాలాగి పైన మిగిలింది తుడిచెయ్యండి. ఆ రాత్రే చెయ్యాలి, మర్నాటికి తుప్పు మొదలవుతుంది. ప్యాడ్లు విప్పి మందం కొలిచి రాసుకోండి, ఒక్క రేసుకి ఎంత అరిగాయో తెలిస్తే తర్వాతి రేసుకి ఎన్ని జతలు కొనాలో లెక్క తెలుస్తుంది.